నాలుగో గేటు

నాలుగో గేటు తెరిచి ఉంది.

బార్నీ బండి ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, దాని వంక చూశాడు. ఇంతవరకు వచ్చిన మూడు గేట్లూ మూసే ఉన్నాయి. ప్రతిసారీ దిగాడు, గొలుసు తీశాడు, గేటు నెట్టాడు, బండి దాటించాడు, మళ్లీ దిగి గేటు వేసి గొలుసు తగిలించాడు. నిప్పులు చెరిగే ఎండలో, తోలు జాకెట్‌లో. ఇదొక్కటే కష్టపెట్టకుండా దారి ఇచ్చింది. ఇనుప గేటుని పూర్తిగా వెనక్కి లాగి, కంచె స్తంభానికి ఎవరో తుప్పు పట్టిన తీగతో కట్టారు.

దాటాడు. కొంచెం ముందుకు పోయి ఆగాడు. వెనక పడమటి బీడులో, బూడిదరంగు పొదల మధ్య గొర్రెలు కదులుతున్నాయి.

ఎవడో మర్చిపోయాడు, అనుకున్నాడు.

సిడ్నీలో పుట్టి సిడ్నీలో బస్సులు బాగుచేస్తూ బతికినవాడు. అయినా గొర్రెలున్న చోట గేటు తెరిచి పోకూడదని అతనికి తెలుసు. ఫారం మొదటి గేటుకి రేకుముక్క కూడా వేలాడదీశారు, గేటు వెయ్యండి అని. దిగాడు. తీగ మెలి విప్పి స్తంభం మొదట్లో పడేశాడు. గేటు లాక్కొచ్చి వేశాడు. గొలుసు కొక్కేనికి తగిలించి, ఒకసారి ఊపి చూశాడు. గట్టిగానే ఉంది. పాత స్నేహితుడికి రాగానే ఒక మేలు చేసినట్టు అనిపించింది.

తొట్టి ఒకటి దారి పక్కన కనిపించింది, అంచుదాకా నీళ్లు. బార్నీ హెల్మెట్ తీసి తల ముంచి, మళ్లీ బండెక్కాడు. అతని మనసు అప్పటికే రేపటి రోడ్డు మీద ఉంది. సిడ్నీ నుంచి పెర్త్ దాకా దేశం అడ్డంగా కొలిచేద్దామని బయల్దేరినవాడికి బ్రోకెన్ హిల్ దాటాక ఈ కలింబా ఫారం ఒక్క రాత్రి మజిలీ, అంతే.

కలింబాని చూసుకునే రస్ వరండాలోంచే అరిచాడు.

"వచ్చావురా ముసలోడా! ఆ బండి నిన్ను మోసిందా, నువ్వు దాన్ని మోశావా?"

"సగం సగం పంచుకున్నాం. నీ పొట్టని ఎవరు మోస్తున్నారు?"

"హేజెల్," అన్నాడు రస్. "పెళ్లిలో ఒప్పుకుంది."

రస్ భార్య హేజెల్ చేతులు ఎప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చి బార్నీని కౌగిలించుకుంది. "ఎన్నాళ్లుంటావు?"

"పొద్దున్నే బయల్దేరాలి."

"ఇన్నేళ్లకి వచ్చి, పొద్దున్నేనా? కుర్చీలో ముళ్లున్నాయా?"

"వాడు బస్ డిపోలో ఉన్నప్పుడూ అంతే," అన్నాడు రస్. "టీ కూడా నిలబడే తాగేవాడు. ఒరేయ్, ఒక్క రెండ్రోజులు చెయ్యి వెయ్యరా. పడమటి బీడులో బోరు పంపు చచ్చింది. గొర్రెలకి ప్రస్తుతానికి వేరే ఏర్పాటు చేశాలే, కానీ పంపు బయటికి లాగడం ఒక్కడి వల్ల కాదు."

ఏ ఏర్పాటని బార్నీ అడగలేదు. ఇక పొద్దున్నే పోవడం కుదరదు అనుకుంటూ, సరేనని తల ఊపాడు.

చీకటి పడేముందు ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. వెనకంతా కొత్త తీగచుట్టలు. దిగినవాడు పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. పేరు ఎల్విన్, కంచెలు వేసే మనిషి. డార్లింగ్ నది వైపు ఆదివాసి కుటుంబం అతనిది. తండ్రి కూడా ఈ చుట్టుపక్కల కంచెలే వేశాడు. పట్నం నుంచి హేజెల్‌కి బ్రెడ్డు, ఉత్తరాలు పట్టుకొచ్చాడు.

"ఇతనేనా నీ స్నేహితుడు?" అని రస్‌ని అడిగాడు ఎల్విన్, బార్నీ బండి చుట్టూ తిరిగి చూస్తూ. "ఈ వేడిలో ఇంత దూరం దీని మీదా? గురూ, నీ మీద ఎవరైనా పందెం కాశారా?"

"నామీద నేనే."

"అయితే ఓడిపోతావు," అని నవ్వి ట్రక్కు ఎక్కాడు. అతని మకాం పడమటి బీడు చివర, సరిహద్దు కంచె దగ్గర. ట్రక్కు కదులుతుంటే రస్ వరండా అంచుదాకా వెళ్లి, "బీరు తాగి పోరా!" అని అరిచాడు. ఎల్విన్‌కి ఇంజను మోతలో వినపడలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపి, నాలుగో గేటు వైపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు బోరు దగ్గర పని. దానికి ఇంటి నుంచి వేరే దారి ఉంది, ఉత్తరంగా చుట్టు తిరిగి పోయేది. మూడు కాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టి, కప్పీకి తాడు వేసి, పికప్ వెనక కట్టి, రస్ అంగుళం అంగుళం ముందుకు నడిపాడు. పైపు ముక్క పైకి రాగానే బార్నీ బిగింపు వేసి పట్టుకోవాలి, రెంచితో విప్పాలి, పక్కన పడుకోబెట్టాలి. మళ్లీ తాడు. మళ్లీ బిగింపు. ఇనుము చేతికి కాలుతోంది. ఈగలు కళ్ల మూలల్లోకి దూరుతున్నాయి.

"చూశావా, ఇటు ఒక్క గొర్రె రాలేదు," అన్నాడు రస్ తృప్తిగా. "కొత్త నీళ్ల దారి పట్టేశాయి. గొర్రెకి బుద్ధి లేదంటారు కానీ, దాహానికి ఉంటుంది."

బార్నీ ఆకాశం వంక చూస్తున్నాడు. రోడ్డు, పెర్త్, సముద్రం. పనిలో చేతులున్నాయి కానీ, ఒక కాలు ఎప్పుడూ నేల మీద కొట్టుకుంటూనే ఉంది.

"కుదురుగా ఉండలేవురా?"

"ఉన్నాగా."

"నీ కాలుకి చెప్పు ఆ మాట."

ఆ పక్కరోజు వేడి ఇంకా పెరిగింది. ఇద్దరూ షెడ్డులో పంపు విప్పి, అరిగిన వాషర్లు మార్చి, కవాటం శుభ్రం చేశారు. పనయ్యేసరికి సాయంత్రమైంది. రస్ తొట్టి వైపు ఓసారి వెళ్లొద్దామన్నాడు. తర్వాత బీరు తీశాడు. రేపు పొద్దున్నే పంపు దించేటప్పుడు చూద్దాంలే అన్నాడు.

పొద్దున్న వంటింటి కిటికీ దగ్గర నుంచి హేజెల్ పిలిచింది.

"రస్. పడమటి వైపు డేగలు తిరుగుతున్నాయి. చాలా ఉన్నాయి."

రస్ టీ కప్పు సగంలో దించేశాడు.

గొర్రెల కుక్కని ఎక్కించుకుని ఇద్దరూ పికప్‌లో బయల్దేరారు. నాలుగో గేటు దూరం నుంచే కనిపించింది. మూసి ఉంది. దాని అవతల, కంచె పొడుగునా, బూడిద ఉన్ని దిబ్బలా పేరుకుపోయింది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ దిబ్బకి కాళ్లూ తలలూ కనిపించాయి. నూటికి పైగా ఉంటాయి. ఇటు వైపు, కనుచూపు మేరలో, నీళ్లు నిండిన తొట్టి మెరుస్తోంది. బతికినవి నోళ్లు తెరిచి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు.

బార్నీ చూపు స్తంభం మొదట్లో పడింది. తుప్పు తీగ మెలి, తను ఎలా పడేశాడో అలాగే ఉంది.

రస్ వైపు తిరిగాడు.

"రస్, ఈ గేటు..."

"కుక్కని పట్టుకో!" అన్నాడు రస్. గొంతు వేరుగా ఉంది. "ఒక్కసారి వదిలితే తొట్టి మీద పడి తొక్కుకుని చస్తాయి. కొన్ని కొన్నే వదలాలి. నేను గేటు దగ్గరుంటా. నువ్వు తొట్టి దగ్గర నిలబడి ఆపు."

గంటల తరబడి అదే పని. చిన్న మందగా వదలడం, తాగనివ్వడం, మూతులు పట్టి వెనక్కి లాగడం, మళ్లీ ఇంకో మంద. కొన్ని తొట్టి దాకా వచ్చి, మూతి నీళ్లలో పెట్టి, అలాగే మోకాళ్ల మీద కూలిపోయాయి. బార్నీ వాటిని చెవులు పట్టి లేపబోయాడు. లేవలేదు.

పని సగంలో రస్ గేటు దగ్గర నేల వంక చూస్తూ నిలబడిపోవడం కనిపించింది. చాలాసేపు. తర్వాత పికప్ ఎక్కి, గేటు ముందు వెనక్కీ ముందుకీ, వెనక్కీ ముందుకీ నడిపాడు. చచ్చినవాటిని లాగడానికి జాగా చేస్తున్నాడేమో అనుకున్నాడు బార్నీ.

డేగల్ని చూసి ఎల్విన్ కూడా వచ్చాడు. ట్రక్కు దిగి కొన్ని అడుగులు వేసి ఆగిపోయాడు. టోపీ తీశాడు.

"ఏమైంది?"

"నువ్వు చెప్పు," అన్నాడు రస్. "పట్నం నుంచి వచ్చిన సాయంత్రం ఇటే పోయావు కదా. గేటు వేశావా?"

ఎల్విన్ గేటు వంక చూశాడు. "వేశాను. అంటే... వేసే ఉంది. తీశాను, దాటాను, వేశాను. ఎలా ఉంటే అలా వదలడమేగా మన పద్ధతి."

"ఆ పొద్దున్నే నేను తీగతో తెరిచి కట్టాను. అటు బోరు చచ్చింది, గొర్రెలు ఇటొచ్చి తాగాలి. నీకు చెప్పాను."

"చెప్పావా?"

"వరండాలోంచి అరిచాను కదా!"

ఎల్విన్ చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పాడు. "ఏదో అరిచావు. వినపడలేదు..."

"వినపడకపోతే ఆగి అడగాలి. ఇంక నీ పని చాలు, ఎల్విన్. సామాను సర్దుకో."

బార్నీ చేతుల్లో చచ్చిన గొర్రె వెనక కాళ్లున్నాయి. రస్ అరిచింది బీరు గురించి. తను అక్కడే నిలబడి విన్నాడు. ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు. ఈ గొర్రెని పికప్‌లో వేశాక చెప్పాలి. వేశాడు. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. తలెత్తేసరికి ఎల్విన్ ట్రక్కు మలుపు తిరుగుతోంది. దాని వెనక లేచిన దుమ్ము చాలాసేపటి వరకు కిందికి దిగలేదు.

సాయంత్రం షెడ్డు బయట నీళ్ల ట్యాంకు కుళాయి దగ్గర రస్ చేతులు కడుక్కుంటున్నాడు. సబ్బు మోచేతుల దాకా రాసుకుని, తోముతూనే ఉన్నాడు.

"గేటు వేసింది నేను," అన్నాడు బార్నీ.

"తెలుసు."

కుళాయి నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"నీ టైరు గుర్తు. బండి స్టాండు వేసిన గుంట. నీ బూటు. పొద్దున్న చూడగానే తెలుసు."

పికప్ వెనక్కీ ముందుకీ నడిచిన సంగతి బార్నీకి అప్పుడు అర్థమైంది.

"మరి ఎల్విన్‌ని ఎందుకురా..."

"నిన్ను ఆ అడ్డదారిన రమ్మన్నదెవడు? నేను. ఎండాకాలం బయటివాళ్లని బీడుల్లోంచి రానివ్వద్దని ఫారం ఓనరు దొరసాని రూలు. గేటు సంగతి ఎల్విన్‌కి చెప్పడం మర్చిపోయిందెవడు? నేను. నువ్వొచ్చిన సంతోషంలో బీరు గుర్తుంది, అది గుర్తులేదు. రెండ్రోజులు తొట్టి చూడనిదెవడు?" రస్ కుళాయి కట్టేశాడు. "ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే విమానంలో వస్తోంది. మిసెస్ లాంగ్‌ఫర్డ్. ఈ మూడూ తెలిస్తే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాకు అరవై. హేజెల్‌ని తీసుకుని ఎక్కడికి పోనురా?"

"ఎల్విన్ ఎక్కడికి పోతాడు?"

"వాడికేముంది? ఇల్లా వాకిలా? ట్రక్కు ఉంది, చేతులున్నాయి. ఎక్కడైనా పని దొరుకుతుంది."

"ఎక్కడ దొరుకుతుంది?"

ఇద్దరూ తిరిగి చూశారు. హేజెల్ ఉతికిన బట్టల బుట్టతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"గేటు వేసి మంద చంపినవాడిని ఈ వైపు ఎవరు రానిస్తారు, రస్? రేపటికల్లా అన్ని ఫారాలకీ తెలిసిపోతుంది. వాళ్ల నాన్న మన పెళ్లికి ఈ వరండా మెట్లు కట్టాడు." బుట్ట నేల మీద పెట్టేసి, బట్టలు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

రస్ ఆ బుట్ట ఎత్తి గోడ వారగా పెట్టాడు. తర్వాత బార్నీ వైపు తిరిగాడు.

"ఇది నీ కోసం కూడా చేశాను. నువ్వు పొద్దున్నే బయల్దేరు. ఏదీ నిన్ను అంటదు. నీకు బాగా వచ్చిన పని అదేగా, బయల్దేరడం."

బార్నీ పొద్దున్నే బయల్దేరాడు. ఎవరూ బయటికి రాలేదు. చల్లగాలి మొహానికి తగులుతుంటే ఒంట్లో ఏదో వదులైంది. మూసి ఉన్న గేట్లని తెరిచి, దాటి, మళ్లీ వేసి పోతుంటే ప్రతి గేటూ ఒక తాళంలా వెనక పడుతోంది. మొదటి గేటు దాటితే తారురోడ్డు. రోడ్డెక్కితే పడమర. సాయంత్రానికి ఇంకో ఊరు, ఇంకో మంచం, తన పేరు తెలియని మనుషులు.

సరిహద్దు కంచె దగ్గర ఎల్విన్ మకాం తగిలింది. వేగం పెంచబోయాడు. పెంచలేదు. ఎల్విన్ ఇంకా పని చేస్తున్నాడు.

బార్నీ బండి ఆపాడు. ఇంజను కట్టెయ్యలేదు.

"సర్దుకోమన్నాడు కదా?"

"ఈ మూల నుంచి ఆ మూల దాకా లాగేసి పోతా," అన్నాడు ఎల్విన్ తీగ బిగిస్తూ. "సగం లాగి వదిలేస్తే తర్వాత వచ్చినవాడు తిట్టుకుంటాడు. ఇప్పటికే తిట్టుకోడానికి చాలా చేశాను."

అతని కళ్లు ఉబ్బి ఉన్నాయి. బిగింపు కర్ర పక్కన పెట్టి, మూల స్తంభం దగ్గరికి నడిచాడు. దానికి ఒక పాత గొలుసు వేలాడదీసి ఉంది, మేకుకి తగిలించేలా. ఎల్విన్ గొలుసు తీశాడు. తగిలించాడు. మళ్లీ తీశాడు.

"ఏం చేస్తున్నావు?"

"చూస్తున్నా, గురూ." మళ్లీ తగిలించాడు. "గొలుసు తగిలించినట్టు చెయ్యికి గుర్తుంది. కానీ అంతకు ముందు ఆ గేటు ఎలా ఉందో కళ్లకి రావట్లేదు. తెరిచి ఉందేమో. తీగ విప్పానేమో. రోజుకి ఎన్ని గేట్లో, చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. మూసే ఉందని నిన్న అన్నాను. కానీ రస్ కట్టాడుగా. ఆయన అబద్ధమాడడు. అంటే నేనే." గొలుసు అరచేతిలోకి తీసుకున్నాడు. "రాత్రి మా అమ్మకి ఫోన్ చేశా. నేనే చంపానమ్మా అని చెప్పేశా. మా నాన్న పేరు తల్చుకుని ఏడ్చింది."

బార్నీ ఇంజను కట్టేశాడు. దిగాడు. హెల్మెట్ తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మూసే ఉంది, ఎల్విన్. నువ్వు వచ్చేసరికి మూసే ఉంది. నేను వేశాను. తీగ విప్పి పడేసింది నేనే. మర్చిపోయారనుకున్నాను."

ఎల్విన్ గొలుసు వదిలేశాడు.

"రస్ అరిచింది కూడా గేటు గురించి కాదు. బీరు తాగి పొమ్మన్నాడు. నేను పక్కనే ఉన్నా."

"నిన్న నువ్వు అక్కడే ఉన్నావు," అన్నాడు ఎల్విన్ మెల్లగా. "నేను నిలబడి ఉంటే, నువ్వు అక్కడే గొర్రె కాళ్లు పట్టుకుని ఉన్నావు."

"ఉన్నాను."

"రస్‌కి తెలుసా?"

బార్నీ చేతుల్లోని హెల్మెట్ వంక చూశాడు. అదే జవాబైంది. ఎల్విన్ తోలు గ్లౌజులు ఒకటొకటిగా తీసి, స్తంభం మీద పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాడు బార్నీ. కొడితే బాగుండుననుకున్నాడు. తూర్పు నుంచి చిన్న ఇంజను మోత వినిపించింది. తెల్లటి విమానం ఒకటి కిందికి దిగుతూ వాళ్ల తలల మీదుగా ఫారం ఇంటి వైపు పోయింది.

"నేను ముందు పోతా," అన్నాడు ఎల్విన్ ట్రక్కు తలుపు తీస్తూ. "నువ్వు వెనక రా. గేట్లు ముట్టుకోకు. నేను చూసుకుంటా."

విమానం దిగే మట్టి బాట ఇంటి వెనకే ఉంది. మిసెస్ లాంగ్‌ఫర్డ్ పొట్టి మనిషి, మగవాళ్ల టోపీ పెట్టుకుంది, విమానం తనే నడుపుకొచ్చింది. రస్, హేజెల్ పికప్ పక్కన నిలబడి ఉన్నారు. ట్రక్కూ దాని వెనక మోటార్‌సైకిలూ రావడం చూసి రస్ మొహం పాలిపోయింది.

బార్నీ సూటిగా ఆవిడ దగ్గరికి వెళ్లాడు. తన పేరు చెప్పాడు. ఎక్కడి నుంచి వచ్చాడో, ఏ గేటు ఎలా ఉందో, తను ఏం చేశాడో చెప్పాడు. మాట తడబడలేదు.

ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది. "ఈ సంగతి రస్‌కి తెలుసా?"

"తెలియదు," అన్నాడు బార్నీ వెంటనే.

హేజెల్ తల పక్కకి తిప్పుకుంది. మిసెస్ లాంగ్‌ఫర్డ్ ఎల్విన్ వైపు చూసింది.

"గేటు తెరిచి ఉంచమని నీకు చెప్పానని రస్ నాకు ఫోన్లో అన్నాడు. నీకు నిజంగా చెప్పాడా?"

ఎల్విన్ రస్ వంక చూశాడు. ఆ ఇల్లూ, ఆ వరండా, అన్నీ ఇప్పుడు అతని ఒక్క మాట మీద ఉన్నాయి. రస్‌కి అది తెలుసు. బార్నీకీ తెలుసు.

"రస్ ఇక్కడే ఉన్నాడుగా," అన్నాడు ఎల్విన్. "ఆయన్నే అడగండి."

ఎవరూ అడగలేదు. రస్ టోపీ తీశాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. అతనికి దారి ఉంది. బార్నీ చెప్పిన అబద్ధం అతని ముందు తెరిచే ఉంది. ఒక్కసారి తల ఊపితే చాలు.

"చెప్పలేదు," అన్నాడు. "మర్చిపోయాను. తొట్టి చూడటమూ మర్చిపోయాను. వీణ్ణి బీడులోంచి రమ్మన్నది కూడా నేనే. వేసింది వీడేనని నిన్న పొద్దున్నే తెలుసు నాకు. గుర్తులు నేనే చెరిపేశాను."

హేజెల్ ఒక అడుగు వేసి అతని పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు. నిలబడింది.

మిసెస్ లాంగ్‌ఫర్డ్ టోపీ సర్దుకుంది. "మనం ఇంట్లో కూర్చుని మాట్లాడాలి, రస్," అంది. తర్వాత ఎల్విన్ వైపు తిరిగింది. "ఎల్విన్, నీకు అన్యాయం జరిగింది. మిగతా కంచె నువ్వే వెయ్యాలి. వేస్తావా?"

"ఆలోచించి చెప్తా," అన్నాడు ఎల్విన్.

ఆవిడకి ఆ జవాబు అలవాటు లేదు.

ఎల్విన్ నడిచి ట్రక్కు నీడలోకి వెళ్లాడు. చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. ఫారం ఇంటి దగ్గర సిగ్నల్ బాగా వస్తుంది. మిగతా నలుగురూ ఎండలోనే నిలబడ్డారు. లోపలికి పదండని ఎవరూ అనలేదు. బార్నీ కూడా కదల్లేదు.

"అమ్మా, నేను," అంటున్నాడు ఎల్విన్. "లేదు, లేదు. ఏడవకు. ముందు నేను చెప్పేది విను."